సుంకపు మెట్టు లేని దారి



మత్తయి సుంకపు మెట్టు దగ్గర కూర్చుని ఉండగా పిలుపు అందుకున్నాడని మనం చిన్ననాటి నుంచి వింటున్నాం. ఏ కాలంలోనైనా సుంకపు మెట్టును సరుకు తప్పనిసరిగా పోయే దారిలోనే పెడతారు. అది రేవు కావచ్చు, రహదారి కావచ్చు. బండి ఆగాలి, మూట విప్పాలి, లెక్క కట్టాలి, సుంకం చెల్లించాకే బండి కదలాలి. నేడు విశాఖపట్నం ఓడరేవులోనూ, శంషాబాద్ విమానాశ్రయం కార్గో విభాగంలోనూ జరిగేది మూలంలో అదే పని.

ఇప్పుడు బండి లేకుండానే సరుకు వచ్చేస్తోంది. మన పాఠకుల్లో చాలామందికి తెలిసిన ఉదాహరణ చెబుతాను. ఒక సెమినరీ గ్రంథాలయం విదేశం నుంచి ఒక వ్యాఖ్యాన గ్రంథం తెప్పించుకుంటుందనుకోండి. అచ్చు పుస్తకం పార్సిల్‌లో వస్తే దానికి కస్టమ్స్ సుంకం కట్టాలి. 2019 జూలై బడ్జెట్‌లో విదేశీ అచ్చు పుస్తకాలపై 5 శాతం సుంకం విధించారు. అదే గ్రంథాన్ని ఈ-బుక్‌గా డౌన్‌లోడ్ చేసుకుంటే కస్టమ్స్ సుంకం సున్నా. రచయిత అదే, ప్రచురణకర్త అదే, లోపలి మాటలూ అవే. మారింది అది వచ్చిన దారి ఒక్కటే.

పుస్తకం చిన్న విషయం. సినిమాలు, పాటలు, వీడియో గేములు, ఆఫీసుల్లో వాడే సాఫ్ట్‌వేర్, ఇంజినీరింగ్ డిజైన్లు అన్నీ ఇదే బాట పట్టాయి. మరి రేవు దగ్గర వసూలయ్యే సుంకంతో బడి పంతుళ్లకు జీతాలిచ్చే పేద దేశాల సంగతేమిటి? 2026 మార్చి 26 నుంచి 29 వరకు కామెరూన్ రాజధాని యావుండేలో జరిగే ప్రపంచ వాణిజ్య సంస్థ 14వ మంత్రుల సదస్సు ముందున్న ప్రశ్నల్లో ఇది ఒకటి. మన పత్రికల్లో ఇది వాణిజ్య పేజీ దాటి రావడం లేదు. కానీ దీని పర్యవసానం ప్రభుత్వాసుపత్రి దాకా వస్తుంది.

1998లో ఒప్పుకున్న మాట

1998 మే నెలలో జెనీవాలో జరిగిన మంత్రుల సదస్సులో సభ్యదేశాలు ఒక ప్రకటన చేశాయి. ఎలక్ట్రానిక్ ప్రసారాల మీద కస్టమ్స్ సుంకం వేయకుండా ఉన్న అలవాటును ప్రస్తుతానికి కొనసాగిద్దాం అన్నది దాని సారాంశం. అప్పటికి గూగుల్ కంపెనీ రిజిస్టరు కూడా కాలేదు. మన ఊళ్లలో ఇంటర్నెట్ అంటే గంటకింత అని చెల్లించి కూర్చునే కేఫ్ మాత్రమే, అదీ పెద్ద పట్టణాల్లో. ఏ దేశ ఆర్థికమంత్రి అయినా, తాను వదులుకుంటున్నది ఏమిటో ఆనాడు ఊహించగలిగాడని అనుకోలేం.

ఆ తాత్కాలిక ఏర్పాటునే మారటోరియం అంటున్నారు. సదస్సు తర్వాత సదస్సులో దాన్ని పొడిగిస్తూ వచ్చారు. 2024లో అబుదాబిలో జరిగిన 13వ సదస్సు మరొక్కసారి పొడిగిస్తూ గడువు పెట్టింది. 14వ సదస్సు గానీ, 2026 మార్చి 31 గానీ, ఏది ముందు వస్తే అంతవరకే అన్నది. అందుకే ఆ నెలకు ఇంత ప్రాముఖ్యం వచ్చింది. అమెరికా ఈ ఏర్పాటును శాశ్వతం చేయాలని గట్టిగా కోరుతోంది. భారత్, దక్షిణాఫ్రికా, ఇండోనేషియా వంటి దేశాలు ఏళ్లుగా అభ్యంతరం చెబుతూ వచ్చాయి. మన దేశమూ దక్షిణాఫ్రికా కలిసి 2020లో ఈ విషయమై ప్రపంచ వాణిజ్య సంస్థకు ఒక పత్రమే సమర్పించాయి.

ఇందులో ఒక విచిత్రం ఉంది. 'ఎలక్ట్రానిక్ ప్రసారం' అంటే ఏమిటో పాతికేళ్లు దాటినా సభ్యదేశాల మధ్య ఏకాభిప్రాయం లేదు. తీగల మీదుగా సాగే ప్రసారమా, ప్రసారమై వచ్చిన సినిమాయా? కవరుకు మినహాయింపు ఇచ్చామా, కవరులోని సరుకుకా? కవరుకు మాత్రమేనని ఇండోనేషియా వాదన. 2018లో ఆ దేశం తన కస్టమ్స్ పట్టికలో సాఫ్ట్‌వేర్ వంటి డిజిటల్ వస్తువులకు కొత్త అధ్యాయమే చేర్చింది. రేటు సున్నా శాతమే పెట్టింది. పైసా వసూలు చేయలేదు, కానీ వసూలు చేసే హక్కు తనదని రాసిపెట్టుకుంది.

నష్టం ఎంత?

ఇక్కడ రెండు లెక్కలు వినిపిస్తాయి. ఐక్యరాజ్యసమితికి చెందిన అంక్టాడ్ 2019లో వెలువరించిన పరిశోధనా పత్రం ప్రకారం వర్ధమాన దేశాలు ఏటా కోల్పోగల సుంకం 1,000 కోట్ల డాలర్లు. ధనిక దేశాల నష్టం అందులో చాలా చిన్న భాగం. ధనిక దేశాల కూటమి ఓఈసీడీ అధ్యయనం మరోలా చెబుతుంది. దాని ప్రకారం నష్టం సగటున మొత్తం ప్రభుత్వ ఆదాయంలో 0.1 శాతం మాత్రమే. పైగా సుంకం వేస్తే ఆ దేశపు చిన్న వ్యాపారులకే ఖర్చు పెరుగుతుందని దాని హెచ్చరిక.

ఇంత తేడా ఎందుకు? ఏ రేటుతో గుణించారన్నది ఒక కారణం. ప్రతి దేశమూ ఒక వస్తువుపై గరిష్ఠంగా ఇంత సుంకం వేస్తానని ప్రపంచ వాణిజ్య సంస్థకు మాట ఇస్తుంది. నిజంగా వేసేది అంతకన్నా తక్కువ ఉంటుంది. అంక్టాడ్ ఆ గరిష్ఠ రేటుతో లెక్కగట్టి పెద్ద అంకె చెప్పింది. నిజంగా అమల్లో ఉన్న రేట్లు, ఒప్పందాల కింద ఇచ్చిన రాయితీలు లెక్కలోకి తెస్తే అంకె చిన్నదవుతుంది. రెండూ అబద్ధాలు కావు. ఒకటి పోగొట్టుకున్న అధికారాన్ని కొలుస్తోంది, మరొకటి ఈనాటి రాబడిని కొలుస్తోంది.

అయితే సగటు అనే మాటతో జాగ్రత్తగా ఉండాలి. మన కేంద్రం 2025-26 బడ్జెట్ అంచనాల్లో స్థూల పన్ను రాబడి 42.70 లక్షల కోట్ల రూపాయలు. అందులో కస్టమ్స్ 2.40 లక్షల కోట్లు, అంటే 6 శాతం కన్నా తక్కువ. మనకు ఆదాయపు పన్ను ఉంది, కార్పొరేట్ పన్ను ఉంది, జీఎస్టీ ఉంది. ఆఫ్రికాలోనూ పసిఫిక్ ద్వీపాల్లోనూ ఉన్న చిన్న దేశాలకు ఇన్ని దారులు లేవు. ఊరూరా తిరిగి ఆదాయపు పన్ను వసూలు చేయాలంటే యంత్రాంగం కావాలి. రేవు ఒక్కటే అయితే అక్కడ పదిమంది ఉద్యోగులు చాలు. పేద ప్రభుత్వాలు కస్టమ్స్ మీద ఆధారపడేది అందుకే. సగటున 0.1 శాతమే కదా అన్నమాట వారి చెవికి వేరుగా వినిపిస్తుంది.

మనకు కూడా ఇది ఢిల్లీ వ్యవహారం మాత్రమే కాదు. సెస్సులు, సర్‌ఛార్జీలు పోగా కేంద్ర పన్నుల విభజన నిధిలో కస్టమ్స్ సుంకమూ కలుస్తుంది. ఆ నిధిలో 41 శాతం రాష్ట్రాలకు పంచాలన్నది 15వ ఆర్థిక సంఘం సిఫారసు. అందులో ఆంధ్రప్రదేశ్‌కూ తెలంగాణకూ వాటా ఉంది.

సీడీలో ఉంటే వస్తువు

సాఫ్ట్‌వేర్ వస్తువా, సేవా అన్న ప్రశ్నకు మన తెలుగు నేలతో పాత సంబంధం ఉంది. ఆంధ్రప్రదేశ్ సాధారణ అమ్మకపు పన్ను చట్టం కింద సీడీల్లో అమ్మే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్‌పై పన్ను వేయవచ్చా అన్న వివాదం సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాకా వెళ్లింది. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాల మధ్య నడిచిన ఆ కేసులో 2004 నవంబరులో తీర్పు వచ్చింది. సీడీ వంటి మాధ్యమంలో నిక్షిప్తమైన సాఫ్ట్‌వేర్ వస్తువే, అమ్మకపు పన్ను వేయవచ్చని ధర్మాసనం తేల్చింది.

తీర్పు వచ్చిన కొన్నేళ్లకే సీడీ కనుమరుగైంది. నేడు అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అయినా, ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ అయినా నెలనెలా చందా కట్టి ఎక్కడో ఉన్న సర్వర్‌లో వాడుకుంటున్నాం. చేతికి వచ్చే వస్తువే లేదు. కస్టమ్స్ పోయింది సరే, ఆ విదేశీ కంపెనీ లాభంపై ఆదాయపు పన్నయినా వస్తుందా? 2021 మార్చిలో సుప్రీంకోర్టు మరో తీర్పు ఇచ్చింది. విదేశీ కంపెనీ నుంచి సాఫ్ట్‌వేర్ వాడుకునేందుకు చెల్లించే సొమ్ము పన్ను ఒప్పందాల దృష్టిలో రాయల్టీ కాదని, కాబట్టి ఇక్కడి కొనుగోలుదారు పన్ను మినహాయించి చెల్లించనక్కర్లేదని అందులో చెప్పింది. మన దేశంలో కార్యాలయమో శాఖో లేని విదేశీ కంపెనీ వ్యాపార లాభాన్ని మనం తాకలేమన్నది దశాబ్దాల నాటి అంతర్జాతీయ పన్ను ఒప్పందాల నియమం. శాఖ లేకుండా కోట్లమందికి అమ్మడం సాధ్యం కాని రోజుల్లో రాసుకున్న నియమమది.

ఒక తలుపు రేవు దగ్గర మూసుకుంది. రెండోది ఆదాయపు పన్ను ఆఫీసు దగ్గర మూసుకుంది.

మన 'లెవీ' కథ

మూసుకున్న తలుపును తెరవాలని భారత్ ప్రయత్నించింది. 2016 జూన్ నుంచి విదేశీ కంపెనీలకు చెల్లించే ఆన్‌లైన్ ప్రకటనల సొమ్ముపై 6 శాతం ఈక్వలైజేషన్ లెవీ తెచ్చింది. 2020 ఏప్రిల్ నుంచి విదేశీ ఈ-కామర్స్ సంస్థల అమ్మకాలపై మరో 2 శాతం తెచ్చింది. ఇవి మరీ పెద్ద పన్నులు కావు. అయినా అమెరికా ప్రభుత్వం 2020లోనే విచారణ మొదలుపెట్టి, తమ కంపెనీల పట్ల ఇది వివక్ష అని తేల్చింది. మన ఎగుమతులపై ప్రతీకార సుంకాలు వేస్తామని హెచ్చరించింది. చివరకు 2 శాతం లెవీ 2024 ఆగస్టు 1 నుంచి, 6 శాతం లెవీ 2025 ఏప్రిల్ 1 నుంచి రద్దయ్యాయి.

ఇది మన ఒక్కరి అనుభవం కాదు. కెనడా అంతటి ధనిక దేశం కూడా 2025 జూన్ చివర్లో, మొదటి వాయిదా వసూలుకు ఒక్కరోజు ముందు, తన డిజిటల్ సేవల పన్నును విరమించుకుంది. వాణిజ్య చర్చలు ఆపేస్తామని అమెరికా అధ్యక్షుడు ప్రకటించడమే కారణం. ఇండోనేషియా తాను రాసిపెట్టుకున్న ఆ సున్నా శాతం అధ్యాయాన్ని తొలగిస్తానని, శాశ్వత మారటోరియానికి మద్దతిస్తానని 2025 జూలైలో అమెరికాతో ఉమ్మడి ప్రకటనలో ఒప్పుకుంది. వసూలు చేయని పన్నును కూడా వదులుకోవలసి వచ్చిందంటే, అసలు విలువ ఆ హక్కుదేనని రెండు పక్షాలకూ తెలుసన్నమాట.

అందరికీ ఒకే నియమం తెద్దామని ఓఈసీడీ నడిపిన చర్చలు 2021 అక్టోబరులో ఒక అంగీకారానికి వచ్చాయి. 2,000 కోట్ల యూరోలకు మించిన వ్యాపారం ఉన్న కంపెనీల అధిక లాభంలో కొంత భాగాన్ని వినియోగదారులున్న దేశాలకు పంచాలన్నారు. కెన్యా, నైజీరియా, పాకిస్తాన్, శ్రీలంక ఆనాడే దూరంగా ఉన్నాయి. పంపకానికి అవసరమైన అంతర్జాతీయ ఒప్పందం మాత్రం ముసాయిదా దగ్గరే ఆగిపోయింది. కెన్యా తన దారి తాను చూసుకుంది. 2021లో 1.5 శాతం డిజిటల్ సేవల పన్ను పెట్టి, 2024 చివర్లో దాని స్థానంలో అక్కడ గణనీయంగా వ్యాపారం చేసే విదేశీ కంపెనీలపై మరో రూపంలో పన్ను తెచ్చింది.

లోటు ఎవరు పూడుస్తారు?

ప్రభుత్వానికి ఒకచోట తగ్గితే మరోచోట వసూలు చేస్తుంది. ఎక్కడ అన్నదే ప్రశ్న. ఉగాండా 2018 జూలైలో వాట్సాప్, ఫేస్‌బుక్ వాడేవారిపై రోజుకు 200 షిల్లింగుల పన్ను పెట్టింది. లాభం ఆర్జించే కంపెనీ మీద కాదు, చేతిలో చవక ఫోనున్న మనిషి మీద. చాలామంది దొడ్డిదారి యాప్‌లతో తప్పించుకున్నారు. 2021లో దాన్ని తీసేసి మొబైల్ డేటాపై 12 శాతం పన్ను వేశారు. సంతలో కూరగాయలు అమ్ముకుంటూ ఫోనులో కబురు పంపుకునే స్త్రీ కూడా అది కట్టాలి.

మనం కూడా ఈ అద్దంలో చూసుకోవాలి. ఇక్కడ మొబైల్ రీఛార్జిపై 18 శాతం జీఎస్టీ ఉంది. కూలివాడు 300 రూపాయల రీఛార్జి చేయించుకుంటే దాదాపు 46 రూపాయలు పన్నుగా పోతాయి. కోటీశ్వరుడు అదే రీఛార్జి చేయించుకున్నా అంతే. లాభంపై పన్ను వేయలేని ప్రభుత్వం వాడకంపై పన్ను పెంచుతూ పోతుంది. అప్పుడు సంపన్నుడికి తెలియని భారం పేదవాడికి బరువవుతుంది. అది కూడా చాలకపోతే అప్పు తెస్తుంది, లేదా ఆసుపత్రిలో నర్సుల ఖాళీలు నింపకుండా వదిలేస్తుంది.

అలాగని సుంకమే మందు కాదు

అయితే మారటోరియం ముగిసిన మర్నాడే సుంకాలు వేసేయాలా? నా అభిప్రాయం అది కాదు. మొదటి కారణం, డౌన్‌లోడ్‌ను ఆపి మూట విప్పి చూసే సుంకరి లేడు. ప్రతి ఫైలుకూ దేశమేది, విలువెంత అని తేల్చడం ఏ కస్టమ్స్ శాఖకూ అయ్యే పని కాదు. రెండో కారణం, మనమే పెద్ద అమ్మకందారులం. 2023-24లో తెలంగాణ ఐటీ ఎగుమతులే 2.68 లక్షల కోట్ల రూపాయలని ఆ రాష్ట్రం ప్రకటించింది. హైదరాబాద్‌లో రాసిన సాఫ్ట్‌వేర్ ఇంటర్నెట్ మీదుగానే దేశాలు దాటుతుంది. మనం ఇతరుల సరుకుపై సుంకం వేస్తే ఇతరులు మన సరుకుపై వేయరా? మన ఇళ్లలో ఎందరి పిల్లలు ఆ ఉద్యోగాల్లో ఉన్నారో వేరే చెప్పనక్కర్లేదు. మూడోది, విదేశీ సాఫ్ట్‌వేర్‌పై ఆధారపడి చిన్న వ్యాపారం నడుపుకునేవాడికి ఆ సుంకం నేరుగా ఖర్చే.

ఇంతకన్నా పనికొచ్చే సాధనం ఇప్పటికే చేతిలో ఉంది. ఇంటర్నెట్ ద్వారా సేవలమ్మే విదేశీ కంపెనీ మన దేశంలో రిజిస్టరై, వినియోగదారుల నుంచి జీఎస్టీ వసూలు చేసి కట్టాలన్న నియమం 2017 జూలై నుంచి అమల్లో ఉంది. మొదట చెప్పిన ఈ-బుక్ కూడా కస్టమ్స్ తప్పించుకున్నా జీఎస్టీ పరిధిలోకి వస్తుంది. దక్షిణాఫ్రికా 2014 నుంచే ఇలాంటి వ్యాట్ వసూలు చేస్తోంది. మారటోరియం దీన్ని అడ్డుకోదు. స్వదేశీ కంపెనీకీ విదేశీ కంపెనీకీ ఒకే రేటు కాబట్టి వివక్ష అనే నింద కూడా నిలవదు. కానీ దీని పరిమితి మరువకూడదు. జీఎస్టీని చివరకు కట్టేది కొనేవాడే. కంపెనీ లాభం మాత్రం తాకకుండానే దేశం దాటుతుంది.

కాబట్టి యావుండేలో భారత్ మూడు మాటలు చెప్పాలని నా మనవి. మొదటిది, మారటోరియాన్ని శాశ్వతం చేయడానికి ఒప్పుకోకూడదు. పొడిగించవలసి వస్తే గడువు పెట్టి, 'ఎలక్ట్రానిక్ ప్రసారం' అంటే ఏమిటో రాతపూర్వకంగా తేల్చిన తర్వాతే పొడిగించాలి. నేడు విడిభాగాన్ని ఓడలో పంపే ఫ్యాక్టరీ రేపు దాని డిజైన్ ఫైలు పంపి, త్రీడీ ప్రింటర్‌లో ఇక్కడే తయారు చేసుకోమనవచ్చు. అప్పుడు ఏది ప్రసారం, ఏది వస్తువు? రెండోది, పేద దేశాలు ఆన్‌లైన్ సేవలపై వ్యాట్ వసూలు చేసే యంత్రాంగాన్ని నిర్మించుకునేందుకు ధనిక దేశాలు సాయం చేయాలి. నష్టం 0.1 శాతమే అని చెప్పేవారికి ఆ సాయం బరువు కాకూడదు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. లాభంపై పన్ను గురించి అసలు చర్చ ఐక్యరాజ్యసమితిలో జరుగుతోంది. 2023 నవంబరులో ఆఫ్రికా దేశాలు తెచ్చిన తీర్మానానికి 125 దేశాలు మద్దతిచ్చాయి, 48 వ్యతిరేకించాయి. అంతర్జాతీయ పన్ను సహకార ఒప్పందం తయారీకి 2024 డిసెంబరులో సర్వసభ్య సభ ఆమోదం లభించింది. డిజిటల్ యుగంలో దేశాలు దాటే సేవలపై పన్ను అన్న అంశం అందులో ముందుగా తేల్చవలసిన వాటిలో ఒకటి. 2025 ఫిబ్రవరిలో అమెరికా ఆ చర్చల నుంచి లేచి వెళ్లిపోయింది. ఐనా మిగతావారు 2027 నాటికి ముగించాలని కూర్చున్నారు. సుంకంపై మాట ఇచ్చేముందు అక్కడ ఏం దొరుకుతుందో చూడాలి. ఒక దేశాన్ని ఒంటరిగా కూర్చోబెట్టి బెదిరించడం ఎంత సులభమో ఈక్వలైజేషన్ లెవీ కథ చూపింది. నూటికి పైగా దేశాలు కలిసి ఉంటే అది అంత సులభం కాదు.

మన పని

పన్ను అంటే మనలో చాలామందికి చేదు. వసూలైన సొమ్ము వృథా అవుతుందన్న కోపంలో నిజం లేకపోలేదు. కానీ ప్రభుత్వ బడి, అంగన్‌వాడీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఏ దాత దయతోనూ నడవవు, పన్నుతోనే నడుస్తాయి. వాటి అవసరం ఎక్కువగా ఉండేది వేరే దారి లేనివారికే.

మన ఎంపీలను రెండు ప్రశ్నలు అడగవచ్చు. ఈక్వలైజేషన్ లెవీ రద్దు చేశాక ఆ స్థానంలో విదేశీ డిజిటల్ కంపెనీల లాభం నుంచి దేశానికి ఏం వస్తోంది? రిజిస్టరైన విదేశీ ఆన్‌లైన్ సంస్థలు ఎన్ని, అవి ఏటా కడుతున్న జీఎస్టీ ఎంత? ఈ అంకెలు ప్రజల ముందుంటే, యావుండేలో మన మంత్రి చెప్పే మాటకు బలం చేకూరుతుంది. లేకపోతే ఆ లోటు ఎంతో మనకు ఎవరూ చెప్పరు. రీఛార్జి బిల్లులోనో, ఆసుపత్రి వరండాలోని పొడవైన క్యూలోనో మనమే తెలుసుకోవలసి వస్తుంది.